గుటకేస్తే గుండెకు బ్రేకు!

మింగేటప్పుడు కళ్లు తిరిగి పడిపోతే ‘గ్యాసేలే’ అని వదిలేయకండి

సాల్మియా:

శుక్రవారం వచ్చిందంటే సాల్మియాలో మనవాళ్ల రూముల్లో పండగే. వారమంతా డ్యూటీలు, ఓవర్‌టైములు. ఆ ఒక్క పూటే అందరూ కింద పేపరు పరుచుకుని కలిసి కూర్చుంటారు. రాయచోటి, రాజంపేట వైపు వాళ్ల రూమైతే సంగటి, కోడిపులుసు. గోదావరి జిల్లాల వాళ్లదైతే చేపల పులుసు. పక్కనే బకాలా నుంచి తెచ్చిన చల్లటి పెప్సీ డబ్బాలు. అలాంటి చోట ఒకాయన ముద్ద మింగుతూనే కళ్లు తేలేసి పక్కకు ఒరిగిపోయాడనుకోండి. ఏం జరుగుతుంది?

‘పొలమారింది, తల మీద తట్టండి’ అంటారొకరు. ‘ఫిట్సురా, చేతిలో తాళాలు పెట్టండి’ అంటారింకొకరు. ‘షుగర్ డౌనయింది, నోట్లో చక్కెర పోయండి’ అని మూడో ఆయన సలహా. ఇంతలోకే పడిన మనిషి లేచి కూర్చుంటాడు. ‘ఏం లేదన్నా, గ్యాసు’ అని నవ్వేస్తాడు. అందరూ సరేలే అనుకుని మళ్లీ తినడంలో పడతారు. సోమవారం నాటికి ఎవరికీ గుర్తుండదు.

ఒక్కసారి జరిగితే పొలమారడమే కావచ్చు. కానీ గుటక వేసినప్పుడల్లా, లేదా ఫలానా తిండి తిన్నప్పుడే, ఫలానా డ్రింకు తాగినప్పుడే ఇలా మళ్లీ మళ్లీ అవుతుంటే మాత్రం దానికి వేరే పేరుంది. వైద్యులు దాన్ని ‘స్వాలో సింకోపీ’ అంటారు. మింగడంతో స్పృహ తప్పడం అన్నమాట. ఇది చాలా అరుదు. చాలామంది డాక్టర్లు తమ సర్వీసులో ఒక్క కేసు కూడా చూసి ఉండరు. అందుకే రోగి నోరు తెరిచి ‘మింగుతుంటే పడిపోయాను’ అని చెప్పకపోతే ఇది బయటపడటం కష్టం. చెబితే మాత్రం పట్టుకోవడం పెద్ద పనేమీ కాదు.

బుష్‌నే పడేసిన ‘జంతిక’

మింగుడుకీ స్పృహకీ సంబంధమేంటని నవ్వేవాళ్లకు ఒక ఉదాహరణ ఉంది. 2002 జనవరి 13, ఆదివారం. అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ వైట్‌హౌస్‌లో సోఫాలో కూర్చుని టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నారు. తింటున్నది ప్రెట్జెల్. మన జంతికలాగా మెలికలు తిరిగి, ఉప్పుప్పుగా ఉండే చిరుతిండి అది. ముక్క ఒకటి గొంతులో సరిగ్గా దిగలేదు. అంతే, స్పృహ తప్పి కింద పడ్డారు. చెంప గీరుకుపోయింది, పెదవి కమిలింది. కొద్ది సెకన్లలోనే తేరుకున్నారు. ఆ గదిలో అప్పుడు ఆయన పెంపుడు కుక్కలు తప్ప ఎవరూ లేరు.

వైట్‌హౌస్ వైద్యుడు రిచర్డ్ టబ్ పరీక్షించి కారణం చెప్పారు. దిగని ముక్క ఒక నాడిని రేపింది, ఆ నాడి గుండె వేగాన్ని తగ్గించింది, దాంతో స్పృహ తప్పింది అని. ఆయనకు అంతకుముందు రెండు రోజులుగా ఒంట్లో నలతగా ఉంది. క్రమం తప్పకుండా పరుగెత్తే అలవాటు వల్ల నాడి సహజంగానే నెమ్మది. మర్నాడు ఆయన యథాప్రకారం పర్యటనకు వెళ్లారు. ప్రెట్జెల్ నమిలి మింగమని అమ్మ ఎప్పుడూ చెప్పేదని జోకు కూడా వేశారు.

బుష్‌కు జరిగింది ఒక్కసారి వచ్చిపోయిన సంగతి. కొందరికి మాత్రం ఇది మాటిమాటికీ వస్తుంది. వాళ్ల గురించే ఈ కథనం.

పేరులో వేగం.. పని మాత్రం బ్రేకు

మెదడు నుంచి బయల్దేరి మెడ మీదుగా గుండె, ఊపిరితిత్తులు, పొట్ట దాకా వెళ్లే పొడవాటి నాడి ఒకటుంది. దాని పేరు వేగస్. పేరులో వేగం ఉందిగానీ, అది గుండెకు చేసే పని బ్రేకు వేయడమే. మనం నిద్రపోతున్నప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకునేది దీని చలవే.

అన్నవాహిక అంటే గొంతు నుంచి పొట్టకు వెళ్లే గొట్టం. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అది సరిగ్గా గుండెకు వెనకాలగా కిందికి దిగుతుంది. పెద్ద ముద్ద దిగినా, గ్యాస్ డ్రింకు పొంగినా, మంచులాంటి నీళ్లు పడినా ఈ గొట్టం సాగుతుంది. ఆ కబురు వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. మామూలుగా అయితే అక్కడితో సరి. ఈ జబ్బున్న వాళ్లలో మాత్రం మెదడు అవసరానికి మించి స్పందించి, అదే నాడి ద్వారా గుండెకు ‘ఆగు’ అని ఆర్డర్ వేస్తుంది. గుండె బాగా నెమ్మదిస్తుంది. లేదా కొద్ది సెకన్ల పాటు కొట్టుకోవడమే మానేస్తుంది.

మెదడుకు 6 నుంచి 8 సెకన్లు రక్తం అందకపోతే చాలు, మనిషి స్పృహ తప్పుతాడు. కింద పడి, పడుకున్న స్థితికి వచ్చాక మెదడుకు రక్తం సులువుగా అందుతుంది. బ్రేకు కూడా వదులుతుంది. అందుకే ఒక నిమిషంలోపే లేచి కూర్చుంటాడు. తల దిమ్ముగా ఉండటం, కళ్ల ముందు చీకట్లు కమ్మడం మాత్రమే ఉండి, పూర్తిగా పడిపోని వాళ్లు కూడా ఉంటారు.

ఎక్కువగా నడివయసులో, ఆ పైబడిన వాళ్లలో కనిపిస్తుంది. కొందరికి అన్నవాహికలోనే లోపం ఉంటుంది. పొట్ట పైభాగం ఛాతీలోకి జరిగే హయాటస్ హెర్నియా, గొట్టం ఇరుకవడం, కండరం బిగుసుకుపోవడం లాంటివి. కొందరికి గుండెలో కరెంటు వ్యవస్థ ముందే బలహీనంగా ఉంటుంది. చాలామందికి ఇవేవీ ఉండవు. నాడి అతిగా స్పందించడమే కారణం.

మనవాళ్లు ఎందుకు జాగ్రత్త పడాలి?

ఈ జబ్బు ప్రాణాల మీదికి తెచ్చేది తక్కువ. పడిపోయే చోటుతోనే ప్రమాదం. రూములో చాప మీద పడితే దెబ్బ తగలదు. ఫహాహీల్ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకుని, మరో చేత్తో చల్లటి డబ్బా ఎత్తి గటగటా తాగుతుంటే? పరంజా మీద నిలబడి నీళ్ల బాటిల్ ఎత్తితే? అరబ్బీ ఇంటి వంటింట్లో కాగే నూనె పక్కన నిలబడి ఒక ముద్ద నోట్లో వేసుకుంటే? మనవాళ్లలో డ్రైవర్లు, కన్‌స్ట్రక్షన్ పనివాళ్లు, ఇంటి పనికి వచ్చిన అక్కచెల్లెళ్లు ఎంతమందో చెప్పనక్కర్లేదు.

మన అలవాట్లూ తోడవుతాయి. సంగటి ముద్దను నమలరు, పులుసులో ముంచి అలాగే మింగుతారు. డ్యూటీకి టైమవుతోందని ఖుబ్బూస్ రోల్ నిలబడే నాలుగు గుటకల్లో ముగిస్తారు. కువైట్ ఎండ సంగతి తెలిసిందే. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ ఎండలో చెమటోడ్చి వచ్చి ఫ్రిజ్‌లోంచి తీసిన లబన్, పెప్సీ ఒక్క దమ్ములో తాగేస్తారు. రంజాన్‌లో రోజంతా ఉపవాసం ఉండి ఇఫ్తార్ వేళ గబగబా చల్లటి నీళ్లు తాగేవాళ్లూ ఉన్నారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు సొమ్మసిల్లడం ఇంకా తేలిక.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది భయం. ‘కఫీల్‌కు తెలిస్తే ఇంటికి పంపేస్తాడు’ అని దాచిపెట్టేవాళ్లే ఎక్కువ. ‘ఫిట్సు’ అని పొరపాటున పేరు పడితే డ్రైవర్ ఉద్యోగం ఏమవుతుందోనన్న దిగులు. నిజానికి దాచడం వల్లే ఆ పొరపాటు పేరు పడుతుంది. మన భాషలోనూ ఒక చిక్కుంది. మూర్ఛ అంటే ఫిట్సు అని ఒక అర్థం, స్పృహ తప్పడం అని మరో అర్థం. డాక్టరు దగ్గర ‘మూర్ఛ వచ్చింది’ అనకుండా ‘మింగుతుంటే స్పృహ తప్పింది’ అని విడమరిచి చెప్పాలి.

మాటే మొదటి పరీక్ష

ఈ జబ్బును పట్టుకోవడంలో సగం పని మిషన్లది కాదు, మీ నోటిది. ఇంకో సగం మీ రూమ్మేట్‌ది. పడిపోయిన మనిషికి తనకేం జరిగిందో తెలియదు. చూసినవాడే సాక్షి. కాబట్టి హాస్పిటల్‌కు వెళ్లేటప్పుడు చూసిన వాళ్లను వెంట తీసుకెళ్లండి. కుదరకపోతే ఫోన్లో డాక్టరుతో మాట్లాడించండి. ఎవరైనా సెల్‌ఫోన్లో వీడియో తీసి ఉంటే అది బంగారమే.

డాక్టరు అడిగేవి ఇవీ: ఏం తింటున్నారు, ఏం తాగుతున్నారు? చల్లదా, వేడిదా? గుటక వేసిన ఎన్ని సెకన్లకు పడ్డారు? కూర్చున్నారా, నిలబడ్డారా? ముఖం పాలిపోయిందా, నీలంగా మారిందా? ఎంతసేపట్లో తేరుకున్నారు? ఇంతకుముందు ఎన్నిసార్లు అయింది? ఏ మందులు వాడుతున్నారు? వీటికి జవాబులు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.

భాష రాదని జంకక్కర్లేదు. ఇక్కడి హాస్పిటళ్లలో కేరళ నర్సులు చాలామంది ఉన్నారు. హిందీలో చెప్పినా అర్థం చేసుకుంటారు. అరబ్బీలో తల తిరగడాన్ని ‘దోఖా’ అంటారు. మనకు తెలిసిన మోసం కాదులెండి! తిండి ‘అకల్’, నీళ్లు ‘మాయ్’. ఈ మూడు మాటలూ కలిపి చెప్పినా డాక్టరు చెవి ఇటు తిరుగుతుంది.

ఏయే పరీక్షలు చేస్తారు?

మొదట ఈసీజీ. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తారు. గుండె పనితీరు కోసం ఎకో తీస్తారు. గ్యాస్ అనుకున్నది ఒక్కోసారి గుండెపోటు కూడా కావచ్చు. అందుకే ఈసీజీ తీయించకుండా మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర కొని మింగి ఊరుకోవడం మంచిది కాదు.

అసలు పరీక్ష చాలా తేలిక. ఛాతీకి ఈసీజీ తీగలు తగిలించి, మానిటర్ చూస్తూ మింగమంటారు. ఏది మింగితే పడిపోతున్నారో అదే ఇస్తారు. ఉత్త నీళ్లకు ఏమీ కాకపోయినా చల్లటి సోడాకు, రొట్టె ముక్కకు గుండె వేగం పడిపోవచ్చు. గుటక పడటం, వెంటనే మానిటర్ మీద గీత చదునవడం, అదే సమయంలో మనిషికి కళ్లు తిరగడం. ఈ మూడూ ఒకేసారి కనిపిస్తే జబ్బు దొరికినట్టే. ఆట్రోపిన్ అనే ఇంజెక్షన్ వేగస్ బ్రేకును ఆపుతుంది. అది ఇచ్చాక మింగితే ఏమీ కాలేదంటే అనుమానం ఇంకా బలపడుతుంది. కొన్ని పెద్ద సెంటర్లలో అన్నవాహికలోకి చిన్న బెలూన్ పంపి, దాన్ని ఉబ్బించి కూడా చూస్తారు.

ఇవన్నీ పక్కన డాక్టరు, అత్యవసర మందులు ఉన్నచోటే చేయాలి. ‘చూద్దాం రా, మళ్లీ పెప్సీ తాగు’ అని రూములో ప్రయోగాలు చేయొద్దు.

హాస్పిటల్‌లో ఆ సమయానికి ఏమీ బయటపడకపోతే హోల్టర్ పెడతారు. నడుముకు కట్టుకునే చిన్న మిషన్ అది. 24 గంటలు, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు గుండె లయను రికార్డు చేస్తుంది. అది ఉన్నన్నాళ్లు ఏ టైముకు ఏం తిన్నారు, ఎప్పుడు తల తిరిగింది అన్నది రాసి పెట్టుకోవాలి. ఆ రెండూ పోల్చి చూస్తేనే లాభం. ఎప్పుడో నెలల తేడాతో వచ్చేవాళ్లకు చర్మం కింద పెట్టే రికార్డర్ కూడా ఉంది.

ఆ తర్వాత అన్నవాహిక వంతు. బేరియం అనే తెల్లటి ద్రవం తాగించి ఎక్స్‌రే తీస్తారు. ఎండోస్కోపీతో లోపల చూస్తారు. కండరం బిగుతు కొలిచే మానోమెట్రీ పరీక్ష కూడా ఉంది. ముద్ద దిగడం కష్టమవుతున్నా, బరువు తగ్గుతున్నా ఇవి తప్పక చేయించాలి. లక్షణాలు స్పష్టంగా ఉన్నప్పుడు మెదడు స్కానింగులన్నీ అవసరం ఉండదు. ముందు చెప్పాల్సిన మాట చెబితే ఆ ఖర్చు కూడా తప్పుతుంది.

ఏది కాదో తెలుసుకుంటేనే..

ఊపిరికి అడ్డుపడితే మనిషి మాట్లాడలేడు, గొంతు పట్టుకుంటాడు, పెదాలు నీలమవుతాయి. ఇది వెంటనే చూడాల్సిన ప్రమాదం. ముందుకు వంచి వీపు మీద గట్టిగా 5 సార్లు చరచాలి. తగ్గకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైభాగంలో లోపలికి, పైకి 5 సార్లు నొక్కాలి.

షుగర్ తగ్గితే చెమటలు, వణుకు, ఆకలి ముందుగా వస్తాయి. మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లలోనే ఎక్కువ. తినకపోతే వస్తుందిగానీ గుటకతో రాదు.

ఫిట్సులో నాలుక పక్కన కొరుక్కోవడం, తర్వాత చాలాసేపు అయోమయంగా ఉండటం కనిపిస్తాయి. గుండె ఆగి పడిపోయిన వాళ్లకూ రెండు మూడు సార్లు చేతులు కొట్టుకోవచ్చు. అది చూసి ఫిట్సని ఖాయం చేసుకోవద్దు.

భోజనం అయిన గంటకో, రెండు గంటల్లోపో కళ్లు తిరిగితే అది తిన్నాక బీపీ పడిపోవడం కావచ్చు. పెద్దవయసు వాళ్లలో, బీపీ మాత్రలు వాడేవాళ్లలో ఎక్కువ.

మింగేటప్పుడు గొంతులో, చెవిలో కరెంటు షాక్‌లాంటి నొప్పి వచ్చి పడిపోతుంటే అది గొంతు నాడికి వచ్చే వేరే జబ్బు. దానికి వేరే మందులున్నాయి.

ఇంతే రకంగా గట్టిగా దగ్గినప్పుడు పడిపోయేవాళ్లు, అర్ధరాత్రి లేచి నిలబడి మూత్రం పోసేటప్పుడు పడిపోయేవాళ్లు కూడా ఉన్నారు. ఇవన్నీ ఒకే కుటుంబం. అందుకే ఏ డాక్టరైనా ‘పడిపోయేముందు ఏం చేస్తున్నావు?’ అని అడగడం.

మందు కంటే ముందు ముద్ద

చికిత్స చాలామందికి తిండి దగ్గరే మొదలవుతుంది. చిన్న ముద్దలు, బాగా నమలడం, కూర్చునే తినడం. పడేసే డ్రింకును మానేయడం. నీళ్లు కొద్దికొద్దిగా తాగడం. తల తిరిగినట్టు అనిపించగానే ఉన్నచోటే పడుకుని కాళ్లు ఎత్తి పెట్టుకోవడం.

తర్వాత మందుల చీటీ చూస్తారు. బీపీకి, గుండెకు ఇచ్చే మెటోప్రోలాల్, అటెనోలాల్, డిల్టియాజెమ్, వెరాపమిల్, డిగాక్సిన్ లాంటివి గుండెను నెమ్మదింపజేస్తాయి. ఊరి నుంచి ఎవరితోనో తెప్పించుకున్న మాత్రలైనా సరే డాక్టరుకు చూపించండి. మార్చాలా, ఆపాలా అన్నది ఆయన చెప్పాలి. సొంతంగా మానేస్తే కొత్త ముప్పు. అన్నవాహికలో లోపం ఉంటే దాన్ని సరిచేస్తే ఇదీ తగ్గవచ్చు.

వీటితో ఆగకుండా గుండె మాటిమాటికీ ఆగుతుంటే పేస్‌మేకర్ పెడతారు. గుండె తడబడగానే అది కొట్టుకునేలా చేస్తుంది. పెట్టించుకున్నాక చాలామంది మామూలుగానే పని చేసుకుంటారు. కానీ వెల్డింగ్, జనరేటర్ల పని చేసేవాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. పేస్‌మేకర్ కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి, ఎయిర్‌పోర్టులోనూ చూపించాలి.

రూమ్మేట్లూ.. ఇది మీకు

ఎవరైనా తింటూ పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి. నోట్లో తిండి కనిపిస్తుంటే పక్కకు తిప్పి తీసేయండి. నోట్లో నీళ్లు, చక్కెర పోయొద్దు. తాళాలు, ఉల్లిపాయలు పని చేయవు. వాచీ చూసి ఎంతసేపు పడి ఉన్నాడో గుర్తు పెట్టుకోండి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి. నిమిషం దాటినా తేరుకోకపోయినా, ఛాతీలో నొప్పి అన్నా, తలకు దెబ్బ తగిలినా వెంటనే 112కు ఫోన్ చేయండి. ఊపిరి ఆగితే ఛాతీ మధ్యలో గట్టిగా, ఆపకుండా నొక్కుతూ ఉండాలి.

తేరుకున్నా ఆ రోజే బతాకా తీసుకుని మీ ఏరియా క్లినిక్‌కు వెళ్లండి. అవసరమైతే వాళ్లే పెద్దాసుపత్రికి రాసిస్తారు. హవల్లీ గవర్నరేట్‌కు జాబ్రియాలోని ముబారక్ అల్ కబీర్ హాస్పిటల్ ఉంది. గుండెకు ప్రత్యేకంగా సబా వైద్య ప్రాంతంలో ఛెస్ట్ డిసీజెస్ హాస్పిటల్ ఉంది. సెలవు మీద ఊరెళ్లేవాళ్లు ఇక్కడి ఈసీజీ కాగితాలు వెంట తీసుకెళ్లి తిరుపతి స్విమ్స్‌లోనో, హైదరాబాద్ నిమ్స్‌లోనో చూపించుకోవచ్చు. కానీ ‘ఎలాగూ వచ్చే ఏడు వెళ్తాం కదా’ అని వాయిదా వేయొద్దు. పరీక్షలు పూర్తయ్యేదాకా స్టీరింగ్ పట్టొద్దు, ఎత్తులెక్కొద్దు.

జీతం పోతుందని భయమా? ప్రైవేటు కంపెనీల వాళ్లకు 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం సిక్ లీవు ఇస్తోంది. ఏడాదిలో మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 10 రోజులు ముప్పావు, ఇంకో 10 రోజులు సగం, మరో 10 రోజులు పావు జీతం, ఆపై 30 రోజులు జీతం లేని సెలవు. దీనికి డాక్టరు కాగితం కావాలి. ఇళ్లలో పనిచేసేవాళ్లకు 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. వాళ్ల చికిత్స బాధ్యత యజమానిది. ఇవి మన హక్కులు, అడగడానికి మొహమాటం వద్దు.

ఊళ్లో ఉన్నవాళ్లకు చెబితే కంగారుపడతారని చాలామంది ఫోన్లో చెప్పరు. సరే, వాళ్లకు తర్వాత చెప్పుకోవచ్చు. డాక్టరుకు మాత్రం దాచొద్దు. కౌంటర్ దగ్గర ‘కళ్లు తిరిగాయి’ అని ఊరుకుంటే వందల మందిలో ఒకరవుతారు, ఒక మాత్ర ఇచ్చి పంపేస్తారు. ‘మింగగానే పడిపోయాను, ఇది రెండోసారి’ అని చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు ఈసీజీ తీగలు తగిలించి, మీ చేతికి ఒక గ్లాసు నీళ్లు ఇస్తారు. అసలు వైద్యం అక్కడ మొదలవుతుంది.